గోడ మీది గీజరు లోపల

కరెంటుతో నీళ్ళు కాచడం నిజానికి తేలిక. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుందనీ, కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుందనీ జేమ్స్ జూల్ 1840ల మొదట్లోనే కొలిచి చూపించాడు. ఆ తీగను నీళ్ళ నడుమ పెడితే చాలు, పుట్టిన వేడి అంతా నీళ్ళకే దక్కుతుంది. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టే రోజుల్లో చాలా వేడి పొగతో పాటే పోయేది. ఇక్కడ అది పోవడానికి దారే లేదు. కష్టమంతా ఆ తరవాతి పనిలో ఉంది. కాగిన నీటిని ఒత్తిడిలో పట్టి ఉంచాలి. చల్లారనివ్వకూడదు, మరగనివ్వకూడదు. బోరునీళ్ళ ఉప్పుకు ట్యాంకు చిల్లు పడకూడదు. తడి చేత్తో కుళాయి తిప్పే మనిషికి షాక్ తగలకూడదు. ఇన్ని పనులను ఏళ్ళ తరబడి, ఎవరూ పట్టించుకోకపోయినా చేసుకుపోయే వస్తువు మన స్నానాలగది గోడకు వేలాడుతోంది. స్టోరేజి గీజరును విప్పి చూసిన ప్రతిసారీ దీని వెనక ఎంతమంది ఎంత ఆలోచించారో అనిపిస్తుంది నాకు.

ముందు ఒక లెక్క చూసుకుందాం. ఒక బక్కెట్టు నీళ్ళను, అంటే 20 లీటర్లను, 22 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 0.42 యూనిట్టు కరెంటు కావాలి. బక్కెట్టులో వేసే హీటర్ రాడ్డయినా, ఇన్‌స్టంట్ గీజరయినా, 25 లీటర్ల పెద్ద గీజరయినా ఈ లెక్క మారదు. ఫలానా గీజరు నీళ్ళను సగం కరెంటుతోనే కాచేస్తుందని ఎవరైనా చెబితే, అందులో హీట్ పంపు ఉంటే తప్ప, నమ్మనక్కర్లేదు. తేడా వచ్చేది మూడు చోట్ల: ఎంతసేపట్లో కాగుతాయి, కాగినవి ఎంతసేపు వేడిగా నిలుస్తాయి, ఆ పని ఎంత భద్రంగా జరుగుతుంది. పనితనం కనబడేది కూడా అక్కడే.

అన్నిటికీ మూలం ఎలిమెంటు. మెకానిక్కులు కాయిల్ అనే ఈ వంపు తిరిగిన గొట్టంలో బయటికి కనిపించేది రాగి, లేదా నికెలూ ఇనుమూ క్రోమియమూ కలిసిన ఇంకలాయ్. కరెంటు పారేది గొట్టంలో కాదు, దాని నడుమ ఎక్కడా గోడలను తాకకుండా కూర్చున్న నైక్రోమ్ తీగచుట్టలో. నికెల్ 80 పాళ్ళు, క్రోమియం 20 పాళ్ళు ఉండే ఈ మిశ్రలోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. అంతకుముందు వాడిన తీగలు ఎర్రగా కాలితే గాలి తగిలి కొన్నాళ్ళకే పెళుసెక్కి తెగిపోయేవి. నైక్రోమ్ మీద మాత్రం క్రోమియం ఆక్సైడ్ పలుచని పొరగా ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఈ రోజు మన ఇస్త్రీ పెట్టె, టోస్టరు, గీజరు అన్నీ ఆ పొర మీదే ఆధారపడి ఉన్నాయి.

తీగకూ గొట్టానికీ మధ్య చోటంతా మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లని పొడి. దానికి అప్పగించిన పని చాలా కష్టమైనది: వేడిని వదలాలి, కరెంటును వదలకూడదు. వేడిని బాగా మోసే లోహాలు కరెంటునూ మోస్తాయి. కరెంటును ఆపే రబ్బరూ ప్లాస్టిక్కూ వేడినీ ఆపేస్తాయి. రెండు గుణాలూ కావలసినట్టు కలిసిన పదార్థాలు కొద్ది. వాటిలో చవకగా దొరికి, రెండు వేల డిగ్రీలు దాటినా కరగనిది ఇది. అయినా పొడిని నింపినంత మాత్రాన పని కాదు. గింజల మధ్య గాలి ఉంటే వేడి అక్కడే ఆగిపోతుంది, తీగ మాడిపోతుంది. అందుకని నింపిన గొట్టాన్ని రోలర్ల మధ్య నడిపి, దాని లావు తగ్గేదాకా నొక్కుతారు. లోపలి పొడి రాయిలా గట్టిపడుతుంది. ఆ నొక్కుడుకు గొట్టం బిరుసెక్కుతుంది కనుక మళ్ళీ కాల్చి మెత్తబరిచి, అప్పుడు వంచుతారు. పొడి తేమను పీల్చుకునే రకం కాబట్టి రెండు కొసలనూ బిగుతుగా మూస్తారు. కొసల దగ్గర నైక్రోమ్ ఉండదు, దాని బదులు కాలని లావుపాటి పిన్నులుంటాయి. హీటర్ రాడ్డు మీద నీళ్ళు ఇంతవరకూ ఉండాలని గీత పెట్టేది ఇందుకే. గీతకు పైన చల్లని పిన్ను, కింద కాలే తీగ. నీళ్ళు గీత కన్నా తగ్గితే కాలే భాగం గాలిలోకి వస్తుంది. నీళ్ళు లాక్కోవలసిన వేడిని గాలి లాక్కోలేదు, కొద్ది క్షణాల్లో గొట్టం ఎర్రబడుతుంది.

2000 వాట్ల ఎలిమెంటు మన 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 15 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దానికి పట్టేది 18 నిమిషాలు.

ఇక ట్యాంకు. నన్ను అడిగితే గీజరంతటిలో గొప్ప పని ఇక్కడే ఉంది. పది అంతస్తుల భవనం పైన ట్యాంకు ఉంటే, కింది ఫ్లాటులో నీటి ఒత్తిడి దాదాపు 3 బార్లు. ప్రతి 10 మీటర్ల నీటి ఎత్తుకూ సుమారు ఒక బారు. 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు ఒక్కో మూత మీద ఆ ఒత్తిడి తోపు ఒకటిన్నర టన్నులు. మూత బల్లపరుపుగా ఉంటే ఉబ్బుతుంది. ఒత్తిడి పెరిగి తగ్గినప్పుడల్లా ఉబ్బుతూ తగ్గుతూ అతుకు దగ్గర పగుళ్ళిస్తుంది. అందుకే మూతలను బోర్లించిన గిన్నెల్లా వంచి వెల్డు చేస్తారు. వంపు తోపును అంచులకు సమంగా పంచేస్తుంది. మన దగ్గర ఎత్తయిన భవనాలకు 8 బార్లు తట్టుకునేవిగా అమ్మే గీజర్లకు ఈ వంపూ, రేకు మందమూ, వెల్డు నాణ్యతే ఆధారం.

ఒత్తిడికి ఉక్కు సరిపోతుంది కానీ నీటికి సరిపోదు. వేడినీటిలో కరిగిన ఆక్సిజన్, ఉప్పులు మామూలు ఉక్కును కొద్దికాలంలోనే తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడవచ్చు, వాడుతున్నారు కూడా. అయితే క్లోరైడ్లు ఎక్కువున్న బోరునీళ్ళలో దానికి వెల్డుల పక్కన సూదిమొన గుంటలు పడతాయి. ఉక్కు బలాన్ని ఉంచుకుని, నీటికి మాత్రం గాజును చూపించడం రెండో దారి. 1936లో ఏ. ఓ. స్మిత్ సంస్థ ఉక్కు ట్యాంకు లోపల గాజు పూతను కరిగించి అతికించే పద్ధతికి పేటెంటు పొందింది. నేటి గీజర్లలో చాలా ఆ దారిలోనివే.

పద్ధతి చెప్పుకోవడానికి చిన్నది. గాజుపొడిని నీటితో కలిపి ట్యాంకు లోపల పూసి, ఆరనిచ్చి, 800 డిగ్రీలకు పైన ఉన్న కొలిమిలో పెడతారు. పొడి కరిగి ఉక్కును పట్టుకుంటుంది. ఆ పట్టు కోసం పొడిలో కోబాల్టు ఆక్సైడ్ కొద్దిగా వేస్తారు. పాత ట్యాంకు కోసి చూస్తే లోపల ముదురు నీలంగా కనిపించేది చాలావరకు దాని వల్లే. అసలు నేర్పు చల్లారేటప్పుడు తెలుస్తుంది. ఉక్కు, గాజు రెండూ చల్లారుతూ కుంచించుకుంటాయి. గాజు మిశ్రమాన్ని ఉక్కు కన్నా కాస్త తక్కువ కుంచించుకునేలా తయారు చేస్తారు. దాంతో ట్యాంకు గది వేడికి వచ్చేసరికి ఉక్కు బిగుసుకుని గాజును అన్ని వైపులనుంచీ నొక్కి పట్టుకుని ఉంటుంది. లాగితే పగిలే గాజు, నొక్కితే ఎంతో ఓర్చుకుంటుంది. ట్యాంకు ఒత్తిడికి ఉబ్బినా, వేడికి సాగినా, ముందే నొక్కి ఉంచిన ఆ బిగువు కొంత సడలుతుంది తప్ప గాజు లాగుడుకు లోను కాదు. పెళుసు వస్తువు అనుకునే గాజును రోజూ వేడెక్కి చల్లబడే, ఉబ్బి తగ్గే చోట ఏళ్ళ తరబడి నిలబెట్టడమంటే సామాన్యమైన పని కాదు.

ఇంత చేసినా పూతలో ఎక్కడో ఒక సూదిమొన రంధ్రం మిగులుతుంది. వెల్డు మడతలో, నట్టు కూర్చునే అంచులో పూత పలచబడుతుంది. గీజరు చేసినవాళ్ళు ఈ సంగతి దాచుకోకుండా, పూత ఎక్కడో తప్పుతుందని ముందే ఒప్పుకుని, దానికి విరుగుడుగా ఒక మెగ్నీషియం కడ్డీని లోపల వేలాడదీశారు. ఈ ఆలోచన మొదట ఓడల కోసం పుట్టింది. బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున కప్పిన రాగిరేకులను సముద్రపు నీరు తినేస్తుంటే, 1824లో హంఫ్రీ డేవీ రాగికి ఇనుప, జింకు ముక్కలు తగిలించి చూశాడు. ముక్కలు కరిగిపోయాయి, రాగి చెక్కుచెదరలేదు. అయితే రాగి కరగడం ఆగిపోయేసరికి దాని విషం నీటిలోకి రాక, ఓడ అడుగున నత్తగుల్లలూ నాచూ దట్టంగా పట్టి ఓడలు నెమ్మదించాయి. నౌకాదళం ఆ ప్రయత్నం మానేసింది. ఓడకు పనికిరాని ఆ ఉపాయం నీళ్ళ ట్యాంకుకు అతికినట్టు సరిపోయింది. మెగ్నీషియం ఇనుము కన్నా ఎంతో ఆత్రంగా ఎలక్ట్రాన్లను వదిలేస్తుంది. పూతలోని రంధ్రం దగ్గర ఉక్కు కరగబోయే లోపే మెగ్నీషియం తాను కరిగి, ఉక్కుకు ఎలక్ట్రాన్లు అందిస్తుంది. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువ ఉంటే కడ్డీ అంత తొందరగా అరుగుతుంది. మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చే ఇంట్లో కొన్నేళ్ళు వచ్చే కడ్డీ, ఉప్పుబోరు మీద బతికే ఇంట్లో ఏడాది రెండేళ్ళకే అయిపోవచ్చు.

మా అపార్టుమెంటులోవి బోరు నీళ్ళే. సర్వీసింగుకు వచ్చిన మెకానిక్కు, ఈ పనిలో తల నెరిసిన మనిషి, నీళ్ళన్నీ వదిలేసి అడుగు ఫ్లాంజి విప్పి ఎలిమెంటునూ కడ్డీనీ ఒక్కసారే బయటికి లాగాడు. ఎలిమెంటు మీద తెల్లగా గార. బోరునీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి సున్నపురాయిగా మారి, అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటే పేరుకుంటుంది. స్క్రూడ్రైవరు వెనక భాగంతో మెల్లగా తడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. గొట్టానికి గీత పడకుండా తట్టే ఆ చేతి లాఘవాన్ని చూస్తూ నిలబడిపోయాను. మెగ్నీషియం కడ్డీ మూడు వంతులు పోయి, నడుమ ఉన్న ఇనుప తీగ బయటపడింది. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది ఇట్ల అరిగిందంటే ట్యాంకు మంచిగున్నట్టే సార్. అరగకుండ ఉంటెనే భయపడాలె," అన్నాడు. రెండు శతాబ్దాల రసాయనశాస్త్రం ఆ మాటలో ఉంది.

థర్మోస్టాటు సంగతి కూడా కాస్త ఆగి చూడవలసిందే. చాలా గీజర్లలో ఉండే రాడ్డు రకం థర్మోస్టాటులో ఒక ఇత్తడి గొట్టం, దానిలో ఇన్వార్ అనే లోహపు కడ్డీ, ఒక కొసన రెండూ అతికి ఉంటాయి. ఇన్వార్ వేడికి దాదాపు సాగదు. ఇనుమూ నికెలూ కలిసిన ఈ లోహాన్ని 1896లో కనిపెట్టిన చార్ల్స్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రపు నోబెల్ వచ్చింది. నీళ్ళు కాగేకొద్దీ ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ సాగదు. 25 సెంటీమీటర్ల థర్మోస్టాటు 40 డిగ్రీలు వేడెక్కితే ఆ రెండింటి పొడవుల్లో వచ్చే తేడా మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. ఆ కాస్త కదలికతో 8.7 ఆంపియర్ల కరెంటును ఆపాలి. నిదానంగా విడిపోయే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు పుట్టి అవి మాడిపోతాయి. అందుకే వాటిని వంచిన స్ప్రింగురేకు మీద కూర్చోబెడతారు. కదలిక ఒక హద్దు దాటేదాకా రేకు కదలదు, దాటగానే టక్కున అటువైపుకు వాలిపోతుంది. గీజరు దగ్గర నిశ్శబ్దంగా నిలబడితే అప్పుడప్పుడూ వినిపించే చప్పుడు అదే. కాంటాక్టులు ఏనాడైనా అతుక్కుపోతే దాని వెనక విడిగా మరో కటౌటు ఉంటుంది, నీళ్ళు మరగకముందే కరెంటును తెంపేస్తుంది. కొన్నింటిలో ఒకసారి తెగాక చేత్తో బొత్తాం నొక్కితే తప్ప అది మళ్ళీ కలవదు. అది ఊరికే పడదు. పడిందంటే లోపల ఏదో చెడిందని మనకు చెప్పడానికే అలా ఏర్పాటు చేశారు.

బయటి కవరుకూ ట్యాంకుకూ మధ్య పోసే పాలీయురిథేన్ ఫోము కంటికి ఆనదు. అక్కడే ఉబ్బి గట్టిపడే ఈ నురగ సందు వదలకుండా నిండాలి. మూడు సెంటీమీటర్ల మందం సరిగ్గా నిండితే, 60 డిగ్రీల నీటితో ఉన్న 15 లీటర్ల ట్యాంకు నుంచి 20 డిగ్రీల గదిలోకి ఫోము గుండా పోయే వేడి లెక్కకు పది పన్నెండు వాట్లు. మామూలు ఎల్ఈడీ బల్బు అంత. కరెంటు పొదుపుకు గుర్తుగా ఇచ్చే బీఈఈ నక్షత్రాలు స్టోరేజి గీజర్లలో కొలిచేది ఈ నష్టాన్నే, కాచే నేర్పును కాదు. ఉదయం ఓసారి వేసి ఆపేసే ఇంట్లో అయిదు నక్షత్రాల వల్ల మిగిలేది కొద్దే. రోజంతా వేసి ఉంచే ఇంట్లో మాత్రం బాగా మిగులుతుంది.

లోపలి పైపుల అమరికలో ఒక సున్నితమైన సంగతి ఉంది. గోడ గీజరులో చన్నీళ్ళు, వేన్నీళ్ళు రెండు పైపులూ అడుగునే కనిపిస్తాయి. నీలం గుర్తు ఉన్నది లోపల అడుగుకు కొంచెం పైనే ఆగిపోతుంది, ఎరుపు గుర్తు ఉన్నది ట్యాంకు నెత్తి దాకా వెళ్తుంది. వేన్నీళ్ళు తేలిక కనుక పైన నిలుస్తాయి, చన్నీళ్ళు బరువు కనుక కిందనే పరుచుకుంటాయి. వచ్చే చన్నీటి ధార పైకి చిమ్మకుండా పక్కలకు మళ్ళించే ఒక చిన్న అడ్డు కొసన ఉంటుంది. అది సరిగా ఉంటే ట్యాంకులో పై భాగమంతా చివరిదాకా వేడిగానే వస్తుంది. లేకపోతే మొదటి చెంబు నుంచే నీళ్ళు కలిసిపోయి గోరువెచ్చగా మారతాయి. వేడి నీటిని బయటికి తోసేది చన్నీళ్ళే. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్న మన సామెత గీజరు లోపల అక్షరాలా నిజం.

ఇప్పుడు మిగతా దారులు. ఇన్‌స్టంట్ గీజరులో 3 కిలోవాట్లదయితే 22 డిగ్రీల నీటిని 40కి తెస్తూ నిమిషానికి 2.4 లీటర్లు ఇస్తుంది. బక్కెట్టుకు ఎనిమిది నిమిషాలకు పైనే. డిసెంబరులో లంబసింగిలోనో ఆదిలాబాదులోనో నీళ్ళు 12 డిగ్రీలకు పడిపోతే అదే గీజరు ఇచ్చేది నిమిషానికి లీటరున్నర. విజయవాడ వంటింటి సింకుకు చాలా మంచిది, చలిప్రాంతపు స్నానాలగదికి చాలదు. హీట్ పంపు పూర్తిగా వేరే తెలివి. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళలోకి ఎత్తిపోస్తుంది. ఒక యూనిట్టు కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. జపాన్‌లో 2001 నుంచి కార్బన్ డయాక్సైడునే లోపలి వాయువుగా వాడే ఎకోక్యూట్ హీటర్లు ఇళ్ళలోకి వచ్చాయి. మన కోస్తా వెచ్చటి, తేమ గాలి దీనికి బాగా కలిసొస్తుంది. అయితే పెద్ద ట్యాంకూ, గాలి ఆడే చోటూ కావాలి కనుక హాస్టళ్ళకు, ఆసుపత్రులకు, ఉమ్మడి కుటుంబాలకు తగినది. డాబా మీద ఎండ పడే ఇంటివాళ్ళు సోలార్ పెట్టుకుని, మబ్బు రోజుల కోసం అందులో ఒక ఎలిమెంటు ఉంచుకుంటే అన్నిటికన్నా తక్కువ ఖర్చు.

హీటర్ రాడ్డు చవక. నేర్పుగా చేసిందే, కానీ దాన్ని కాపాడే థర్మోస్టాటు లేదు, కటౌటు లేదు. పైగా 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గుకు అది ఎక్కువ. వాడక తప్పనివాళ్ళు పెద్ద ప్లగ్గుకు, ఎర్తింగ్ ఉన్న లైనుకు, కరెంటు లీకయితే లైను తెంపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డుకే పెట్టాలి. స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేదాకా నీళ్ళలో వేలు ముంచకూడదు. నలుగురున్న మామూలు ఇంటికి నా ఓటు గాజుపూత ఉన్న 15 లీటర్ల స్టోరేజి గీజరుకే. థర్మోస్టాటు ముల్లు 60 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే గార తక్కువ పడుతుంది, లెజియోనెల్లా వంటి బాక్టీరియా బతకదు. ఆ నీళ్ళు ఒళ్ళు కాలుస్తాయి కనుక పిల్లలకు చన్నీళ్ళు కలిపాకే పోయాలి.

చివరగా, చన్నీళ్ళు వచ్చే పైపుకు బిగించే సేఫ్టీ వాల్వు గురించి. నీళ్ళు 25 నుంచి 65 డిగ్రీలకు కాగితే వాటి పరిమాణం 1.7 శాతం పెరుగుతుంది. 15 లీటర్లకు అది పావు లీటరు, ఒక గ్లాసు. వచ్చిన దారిన వెనక్కి పోకుండా వాల్వు ఆపుతుంది. మరి ఆ గ్లాసు ఎక్కడికి పోవాలి? దాన్ని బొట్టు బొట్టుగా బయటికి వదిలేదీ ఆ వాల్వే. గీజరు వేసినప్పుడు కారే ఆ నాలుగు చుక్కలను చూసి లీకేజీ అనుకుని ఎంసీల్ పెట్టి మూసేసిన ఇళ్ళు నేను చాలా చూశాను. దాన్ని మూస్తే ఇంత పనితనంతో కట్టిన ట్యాంకు బాంబుగా మారగలదు. గీజరు ఆపి ఉన్నా ఆగకుండా కారుతుంటే, లేదా చుక్కలు కాకుండా ధారగా కారుతుంటే మెకానిక్కును పిలిచి వాల్వు మార్పించండి. పిలిచినప్పుడు మెగ్నీషియం కడ్డీని కూడా బయటికి తీసి చూపించమనండి, సగానికి పైగా అరిగితే కొత్తది వేయించండి. వాల్వు కొసకు సన్న పైపు తగిలించి మోరీ దాకా దించుకోండి. దాని నోరు మాత్రం ఎప్పుడూ మూయకండి.